కోర్టువారి కుడికాలు

కడలి పేరంటాలు కుడికాలు కోర్టువారి స్వాధీనంలోకి వెళ్లిన రోజు వాతావరణం చాలా బాగుంది. ఎండ లేదు, వాన లేదు. ఆమె భర్త అబ్బులు గేటు బయట నిమ్మసోడా తాగుతున్నాడు. ఒక మనిషి కాలు ఆ మనిషిది కాకుండా పోతున్నప్పుడు కనీసం ఒక కాకయినా అరవాలి గదా అని పేరంటాలు తరవాత చాలాసార్లు అనుకుంది గానీ, ఆ పూట కాకులు కూడా వాటి పని మీద అవి ఉన్నాయి.

పేరంటాలు నేలపర్తిపాడులో కోలాటం నేర్పుతుంది. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లో తీర్థం జరిగినా, ఏ దేవుడి ఊరేగింపు కదిలినా, ముందు ఒకే రంగు చీరలు కట్టుకున్న ఆడవాళ్లు కర్రలు తాటిస్తూ నడవాల్సిందే. వాళ్లలో సగం మందికి మొదటి అడుగు వేయించింది పేరంటాలే. పగలంతా పొలాల్లోనూ రొయ్యల షెడ్లలోనూ వంగి వంగి పనిచేసినవాళ్లు సాయంత్రం ఆమె వాకిట్లోకి రాగానే నడుం నొప్పి సంగతి మరిచిపోయేవారు. టీచరుగారు అని పిలిపించుకోవడానికి బడిలో ఉద్యోగం ఉండక్కర్లేదని ఊరికి ఆమెను చూశాకే తెలిసింది.

అలాంటి ఒక తీర్థంలో ఊరేగింపు మలుపు తిరుగుతుండగా పక్క సందులోంచి ఒక కారు వెనక్కి వచ్చింది. నడుపుతున్న ఆసామి ఫోనులో ఎవరికో దారి చెబుతున్నాడు. ఎంతో వివరంగా చెబుతున్నాడు. తను వెళుతున్న దారి మాత్రం చూసుకోలేదు. పేరంటాలు కుడికాలు మోకాలి కింద విరిగింది. ఆస్పత్రిలో కట్టు కట్టారు. ఎముక అతుక్కుంది గానీ, ఎటు అతుక్కోవాలో దానికి ఎవరూ చెప్పినట్టు లేదు. కట్టు విప్పేసరికి మోకాలు గుమ్మం వైపు చూస్తుంటే పాదం పొయ్యి వైపు చూస్తోంది.

పట్నంలో ఎముకల డాక్టరు ప్రియంవద గారు ఆ కాలిని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మళ్లీ విరిచి, లోపల రాడ్డు వేసి సరిచేస్తాను. మునపటిలా నడుస్తావు. ఆడతావు కూడా. ఆరోగ్యకార్డు ఉంది కాబట్టి నీకు పైసా ఖర్చు లేదు. కానీ ఎముక ముదిరితే మాత్రం నావల్ల కాదమ్మా. అప్పుడు జన్మంతా ఇదే నడక. తొందరగా వచ్చెయ్."

పేరంటాలు ఆ రోజే ఆస్పత్రి మంచం ఎక్కేసేదే. ఆమె తరఫున కేసు వేసిన లాయరు ఉమాకాంతం గారు ఆపారు. ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవాళ్లకి పరిహారం ఇప్పించే కోర్టులో ఆయన చాలా కాలంగా వాదిస్తున్నారు.

"ఒక్క వాయిదా ఆగు తల్లీ. జడ్జిగారు నీ కాలు ఒకసారి కళ్లారా చూశారంటే కేసు మనదే. ఆ తరవాత విరుచుకుంటావో, అతికించుకుంటావో నీ ఇష్టం."

ఆమె ఆగింది. చదువుకున్నవాళ్లు ఆగమంటే ఆగడం ఆమెకి అలవాటు.

వాయిదా రోజున ఇన్సూరెన్సు కంపెనీ లాయరు ప్రభాకరవర్మ గారు లేచి నిలబడ్డారు. ఆయన లేవడం ఒక్కసారిగా జరిగే పని కాదు. ముందు గౌను లేస్తుంది, తరవాత కళ్లజోడు లేస్తుంది, ఆఖరున ఆయన లేస్తారు.

"పిటిషనరు వారు దాఖలు చేసినవి ఏమిటి? ఎక్స్‌రే. అనగా కాలి యొక్క నకలు. ఫొటోలు. అవియును నకళ్లే. డాక్టరు గారి సర్టిఫికెట్టు. అది కాలిని గురించి ఇంకొకరు చెప్పిన కబురు. అసలు లభ్యమగుచుండగా నకలును స్వీకరించుట న్యాయసూత్రములకు విరుద్ధము. అసలు ఎక్కడ?"

"అసలు ఆ బెంచీ మీద కూర్చుందండి" అన్నారు ఉమాకాంతం గారు.

జడ్జిగారు చాలా మంచివారు. ఎవరికి ఎక్కడ అన్యాయం జరిగిపోతుందోనని ఎప్పుడూ భయపడుతూ ఉంటారు. ఆ భయం వల్ల ఆయన దగ్గర ఏ కేసూ అంత తొందరగా తేలేది కాదు. "పిటిషనరు తమ అసలును ప్రవేశపెట్టవచ్చును. పాపం, ఆమెకొక కుర్చీ వేయండి" అన్నారు.

పేరంటాలు సిగ్గుపడుతూ కుచ్చిళ్లు జానెడు పైకెత్తింది. కోర్టంతా తొంగి చూసింది. రుజువుగా వచ్చిన వస్తువుకి కోర్టులో ఒక నంబరు కడతారు. కత్తికైనా అంతే, సారా సీసాకైనా అంతే. పేరంటాలు కుడికాలికి ఎం.ఓ. ఒకటి, అంటే ఆ కేసులో మొదటి వస్తువు, అని నంబరు పడింది. అటెండరు ఆమె చీలమండకి దారం చుట్టి, అట్టముక్క తగిలించి, ముడి మీద లక్క కరిగించి పోసి సీలు నొక్కాడు.

"కదలకమ్మా. కాలుద్ది."

"అయిపోయిందాండి? ఇంక నేనెల్లొచ్చాండి?"

"నువ్వెల్లొచ్చమ్మా. కాలు సంగతి నాజరు గారినడగాలి."

నాజరు సింహాద్రి గారు కోర్టువారి సామాన్ల గదికి అధిపతి. అందులో తుప్పు పట్టిన కత్తులు, మూతల్లేని సీసాలు, ఎవరూ అడగని సైకిళ్లు ఉంటాయి. ఆయన వాటిని సొంత పిల్లల కంటే జాగ్రత్తగా చూసుకుంటారు.

"నంబరు పడిన వస్తువు సాయంత్రంలోగా నా గదిలో జమ కావాలి" అన్నారాయన.

"నేనూ లోపలికి రావాలాండి?" అంది పేరంటాలు.

"మీరెలా వస్తారమ్మా? మీకు నంబరు లేదు."

"మరి కాలు నాకంటుకుని ఉందండి."

"అది వస్తువు యొక్క లోపం. దానికి నేనేం చేస్తాను?"

ఆయన చెడ్డవాడు కాదు. ఒక ప్రయత్నం చేశారు. గడప బయట స్టూలు వేసి పేరంటాలుని కూర్చోబెట్టి, కాలు మాత్రం గది లోపలికి చాపమన్నారు. ఆమె చాపింది. తలుపు మూతపడలేదు. ఇంకాస్త తోసి చూశారు. పేరంటాలు కెవ్వుమంది. మూతపడని తలుపుకి సీలు వేసే విధానం ఆయన సర్వీసులో ఎదురుకాలేదు. విషయం జడ్జిగారికి రాసి పంపారు.

జడ్జిగారు సాయంత్రం దాకా ఆలోచించారు. వస్తువును గదిలో ఉంచడం కుదరనప్పుడు, కేసు తేలేవరకూ నమ్మకమైన మనిషి దగ్గర ఉంచవచ్చు. పశువుల్ని అలాగే ఉంచుతారు.

"మా ఆడదాని కాలండీ, నాకిచ్చేయండి. కళ్లలో పెట్టుకు చూసుకుంటాను" అన్నాడు అబ్బులు, సోడా సీసా ఇంకా చేతిలోనే పట్టుకుని.

"ఆక్షేపణ!" అని వర్మ గారి గౌను లేచింది. "భర్త ఈ కాలిలో ఆసక్తి గల వ్యక్తి. పిటిషనరుకు అంతకంటె ఎక్కువ ఆసక్తి. ఇరువురిలో ఎవరికి అప్పగించినను సాక్ష్యము తారుమారు కాగలదు."

పేరంటాలు మెల్లగా ఉమాకాంతం గారి గౌను లాగింది. "అయ్యా, ఆ కారు ఎక్కడుందండి మరి?"

"కారుదేముందమ్మా. నాలుగు ఫొటోలు తీసుకుని ఆ రోజే ఆసామికి ఇచ్చేశారు. కొత్త రంగు కూడా వేయించుకున్నాడు. ఎండలో వానలో పడుంటే వాహనం పాడైపోతుందని చట్టానికి దయ."

"కాలు పాడవదాండి?"

"కాలి గురించి రూలు లేదు."

ఆఖరికి ఏ పక్షానికీ చెందని మనిషి కావాలి గనుక, నేలపర్తిపాడు వీఆర్వో గంగాధరం గారికి కాలు అప్పగించారు. సర్కారు పట్టుకున్న ఇసక ట్రాక్టరు ఒకటి, రేషన్ బియ్యం బస్తాలు కొన్ని అప్పటికే ఆయన పూచీ మీద ఉన్నాయి. ఆయన చేత సంతకం చేయించుకున్న కాగితంలో ఇలా ఉంది: "సదరు కాలును యథాస్థితిలో భద్రపరచవలెను. రంగు, రూపు, వంకర మార్చరాదు. అమ్మరాదు, కుదువ పెట్టరాదు, దానమివ్వరాదు. కోర్టు వారి పరిధి దాటించరాదు."

గంగాధరం గారికి బీపీ ఉంది. ఆయన పూచీలో ఉన్న బియ్యం కిందటేడు ఎలకలు తింటే, ఆ ఎలకల సంగతి ఇంకా జవాబు రాస్తూనే ఉన్నాడు. ఇప్పుడు కాలొకటి. మర్నాటి నుంచి పొద్దున్నే మోపెడ్ మీద పేరంటాలు ఇంటికి రావడం మొదలుపెట్టాడు.

"ఎలాగుందమ్మా కాలు?"

"ఏం బాగుందండి. రాత్రంతా ఒకటే సలుపు."

"అమ్మయ్య. అలాగే ఉంచండి."

పేరంటాలు అత్తగారు నూనె గిన్నె తెస్తే ఆయన అడ్డం పడ్డాడు. "వద్దు మామ్మగారూ! నూనె రాసి మర్దనా చేస్తే వంకర తగ్గుద్దేమో. నా ఉద్యోగం పోద్ది."

"నా కోడలి కాలికి నేను నూనె రాసుకోడానికి నీ ఉద్యోగవేంటయ్యా?"

"మీ కోడలి ఎడంకాలికి రాసుకోండి. అది నా లెక్కలో లేదు. దోమలు కుట్టకుండా చూడండి, దద్దుర్లొస్తే నేను రాసుకోవాలి."

శుక్రవారం పసుపు రాస్తే రంగు మారినట్టన్నాడు. గజ్జె కట్టుకోబోతే వస్తువుకి అదనంగా చేర్చినట్టన్నాడు. పక్క జిల్లాలో కోలాటం పోటీలకి పిలుపొస్తే, "మీరు శుభ్రంగా వెళ్లొచ్చమ్మా. కాలు మాత్రం జిల్లా దాటకూడదు" అన్నాడు. ఆయన వెటకారానికి అనలేదు. వెటకారం చేసే ఓపిక ఆయనకి ఎప్పుడో పోయింది.

ఇంత జరుగుతున్నా సాయంత్రం కోలాటం ఆగలేదు. పేరంటాలు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, కర్రలు తాటించి దరువు చెప్పేది. ఆడేవాళ్లు తప్పు అడుగు వేస్తే ఒళ్లు మండిపోయి, కాలి సంగతి మరిచి లేచేది. రెండడుగులు కుంటేది. మూడో అడుగుకి గోడ పట్టుకునేది. గోడ పట్టుకున్నప్పుడు ఎవరూ ఆమె మొహం వంక చూసేవారు కాదు. అందరికీ అప్పుడే చీర కొంగులు సవరించుకునే పని పడేది.

ఆ మధ్య కొత్తగా చేరిన ఆడపిల్లలకి పేరంటాలు మునపటి నడక తెలియదు. టీచరుగారు ఎలా వేస్తే అలా వేయడమే వాళ్లకు తెలిసిన విద్య. కుడిపాదం పక్కకి తిప్పి, ఒక కుంటు కుంటి, గోడ వైపు ఒరిగి, మళ్లీ వరసలోకి వచ్చేవారు. పొరుగూరి తీర్థంలో ఆ అడుగు చూసి జనం ఈలలు వేశారు.

"అక్కా, నీ కుంటుకి పేరొచ్చేసిందే" అని నవ్వుతూ వచ్చి చెప్పింది వీరవేణి. పేరంటాలు శిష్యురాళ్లలో ఆమె అందరికంటే గట్టి మనిషి. "ఇదేదో కొత్త రకం అంటన్నారు. ఫోన్లలో తీసుకున్నారు."

పేరంటాలుకి నవ్వొచ్చింది. తరవాత ఏడుపొచ్చింది. తను నేర్పింది ఒకటి, తన కాలు నేర్పేది ఒకటి అయిపోయిందని ఆ రాత్రి అబ్బులుతో చెప్పుకుంది.

ఫోనుల్లో తీసింది వర్మ గారి దాకా వెళ్లింది. తరవాతి వాయిదాలో ఆయన గౌను మామూలు కంటే ఎత్తుకి లేచింది.

"ఎం.ఓ. ఒకటికి ఊరి నిండా అనధికార నకళ్లు తయారగుచున్నవి! వీటిలో అసలు ఏది, నకలు ఏది అని రేపు ఈ కోర్టు ఎట్లు పోల్చుకొనును?"

జడ్జిగారు కలవరపడ్డారు. అనుమతి లేకుండా ఎవరూ సదరు కాలు వలె కుంటరాదని ఉత్తర్వు ఇచ్చారు. ఊళ్లో నిజంగా కుంటే ముసలాయన ఒకడున్నాడు. ఆయన ఆ రోజు నుంచి బజారుకి వెళ్లడం మానేశాడు.

అదే వాయిదాలో ఉమాకాంతం గారు ఆపరేషనుకి అనుమతి అడిగారు. డాక్టరు ప్రియంవద గారు అప్పటికే రెండుసార్లు కబురు పంపారు. ఎముక ముదురుతోంది, ఈ నెల దాటితే తన దగ్గరికి రావద్దన్నారు. పేరంటాలు బెంచీ చివర కూర్చుని కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"కాలు వంకరగా ఉన్నదని పరిహారము కోరుచున్న పిటిషనరు, ఆ వంకరనే తీసివేసెదననుచున్నారు" అన్నారు వర్మ గారు. "ఇది ఇల్లు కాలినదని పరిహారమడిగి, ఆ బూడిద ఊడ్చివేసెదననుట వంటిది. పైగా తీసివేయుటకు వీలగు వంకర శాశ్వత వైకల్యము కానేరదు. శాశ్వతము కానిచో పరిహారమెందుకు?"

"అయితే శాశ్వతం అయ్యేదాకా ఆగాలాండి?" అంది పేరంటాలు. బెంచీ మీంచి ఆమె మాట్లాడటం అదే మొదటిసారి.

"ఆగినచో మాకు ఆక్షేపణ లేదు" అన్నారు వర్మ గారు, ఎంతో మర్యాదగా.

జడ్జిగారికి జాలి వేసింది. మంచినీళ్లు తెప్పించి ఆమెకి ఇప్పించారు. ఇరుపక్షాలకీ న్యాయం జరిగేలా ఉత్తర్వు చెప్పారు: "మానవతా దృష్టితో అనుమతించడమైనది. అయితే బయటికి కనపడే వంకరకు ఎట్టి భంగమూ వాటిల్లకుండా, లోపల మాత్రమే ఆపరేషను జరిపించుకొనవలెను."

"గెలిచాం పేరంటాలూ!" అన్నారు ఉమాకాంతం గారు మెట్లు దిగుతూ.

ప్రియంవద గారు ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివి, మడిచి, పేరంటాలు చేతిలో పెట్టారు. "ఈ ఆపరేషను మాకు కాలేజీలో చెప్పలేదమ్మా" అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "ఒక్క పదిరోజులు. అంతకంటే ఆగలేను. నీ కాలు ఆగదు" అన్నారు.

పేరంటాలు ఇంటికొచ్చి పడుకుంది. ఆ సాయంత్రం వాకిట్లో దరువు లేదు. కేసు వదిలేస్తే వదిలేద్దామని అబ్బులు అన్నాడు. లాయరు గారిని అడిగితే, కేసు వదిలినా కాలు వదలదన్నారు. నంబరు పడిన వస్తువు తిరిగి రావాలంటే దానికి వేరే దరఖాస్తు, వేరే వాయిదా, పైకోర్టుకి వెళ్లే గడువు అన్నీ అయిపోవాలి. పైగా కాలు ప్రస్తుతం గంగాధరం గారి పూచీలో ఉంది. అది సరైపోతే ఆయన జైలుకి వెళతాడు. పేరంటాలుకి ఆ మనిషి మీద కోపం లేదు. ఆయన కూడా ఎలకల చేత చిక్కినవాడే.

సరిగ్గా అప్పుడు గంగాధరం గారికి బదిలీ అయింది.

కొత్త వీఆర్వో నాగమోహను కుర్రవాడు. పరీక్ష రాసి, నిబంధనలన్నీ కంఠస్థం చేసి వచ్చినవాడు. బాధ్యతలు అప్పగించుకోవడానికి ఇద్దరూ కలిసి ఊరంతా తిరిగారు. ట్రాక్టరు చూశారు, చక్రాలు లెక్కపెట్టారు. బియ్యం చూశారు, మిగిలినంత తూచారు. ఆఖరున పేరంటాలు అరుగు దగ్గరికి వచ్చారు.

నాగమోహను కాగితం చూస్తూ చదివాడు. "కుడికాలు ఒకటి. మోకాలి కింద వంకర. చీలమండకు సీలు. సరే. రెండవ వేలికి వెండి మెట్టె ఒకటి." వంగి చూశాడు. "మెట్టె ఏదండీ?"

"పాదం వాచిపోతే తీసేశానండి" అంది పేరంటాలు. "పెట్టెలో ఉందండి. తెమ్మంటారా?"

"పెట్టెలో ఉంటే కుదరదమ్మా. వేలికి అని ఉంది. మెట్టె లేని కాలు తీసుకున్నానంటే రేపు ఆ మెట్టె ఏదని నన్నడుగుతారు."

"పెట్టించుకుని తీసుకోవయ్యా బాబూ" అన్నాడు గంగాధరం.

"వాచిన వేలికి ఎక్కదు కదండీ. నేను తహసీల్దారు గారికి రాస్తాను. ఏమంటారో చూసి అప్పుడు తీసుకుంటాను. అప్పటిదాకా మీరే ఉంచుకోండి."

"నేనెలా ఉంచుకుంటాను? నిన్న సాయంత్రం రిలీవైపోయాను. కావాలంటే ఆర్డరు చూసుకో. ఇప్పుడు నాకు ఏ కాలితోనూ సంబంధం లేదు."

"నేనింకా సంతకం పెట్టలేదు కాబట్టి నాకూ లేదు."

ఇద్దరూ అరుగు మీద నిలబడి కాసేపు వాదించుకున్నారు. పేరంటాలు ఒకరి మొహం తరవాత ఒకరి మొహం చూసింది. ఆమె నెమ్మది మనిషి. ఎవరి మాటకీ అడ్డం రాదు. వాళ్లు ఊపిరి తీసుకునేదాకా ఆగి అడిగింది.

"అయితే బాబూ, ఇయ్యాల్టికి ఈ కాలు ఎవరి చేతిలో ఉన్నట్టండి?"

గంగాధరం నాగమోహను వంక చూశాడు. నాగమోహను కాగితం వంక చూశాడు.

"తహసీల్దారు గారి జవాబు వచ్చేవరకు..." అన్నాడు నాగమోహను, నిజాయితీగా. "ఎవరి స్వాధీనంలోనూ లేదమ్మా."

"ఎవరిదీ కాదాండి?"

"కాదు."

"ఏవయ్యోయ్!" అని లోపలికి కేకేసింది పేరంటాలు. "బేగా ఆటో పిలు."

గంగాధరం అప్పటికే మోపెడ్ ఎక్కాడు. ఆమె ఎక్కడికని అడగలేదు. ఆ కాలు వంక చూడకుండా ఆయన వెళ్లడం అదే మొదటిసారి. మలుపు దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

ప్రియంవద గారు ఆ కాలిని విరిచారు. రాడ్డు వేశారు. చీలమండ సీలు జోలికి వెళ్లకుండా, దాని చుట్టూ గుడ్డ చుట్టి, పై నుంచే పని కానిచ్చారు. కట్టు కట్టారు, కట్టు విప్పారు. పేరంటాలు మంచం దిగింది. చంకకర్రలతో నడిచింది, గోడ పట్టుకుని నడిచింది, ఒక పొద్దున్న ఏదీ పట్టుకోకుండా పెరట్లోకి వెళ్లి, అక్కడ నిలబడి, తను ఏ పని మీద వచ్చిందో మరిచిపోయి అలాగే నిలబడింది. తహసీల్దారు గారి జవాబు ఇంకా రాలేదు. జడ్జిగారు ఏదో శిక్షణకు వెళ్లారు. ఆ తరవాత సెలవులు వచ్చాయి.

జవాబు వచ్చాక నాగమోహను మళ్లీ వచ్చాడు. మెట్టె ఉంటే కాలు తీసుకోమని ఉంది అందులో. అతను వంగి, వేలు చూశాడు. వాపు పోయిన వేలికి మెట్టె నిక్షేపంలా ఉంది. సీలు ఉంది. తేడా వచ్చింది మెట్టె దగ్గరే కాబట్టి, మిగతా కాలు చూడాల్సిన అవసరం అతనికి కనపడలేదు. సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

కోర్టు తెరిచిన రోజున పేరంటాలు ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కి వెళ్లింది. వర్మ గారి గౌను లేవబోయి మధ్యలో ఆగిపోయింది. జడ్జిగారి మొహం ఒక్క క్షణం సంతోషంతో వెలిగింది. తరవాత ఆయన హోదా గుర్తొచ్చి ఆరిపోయింది.

"సీలు పరీక్షించండి" అన్నారు.

నాజరు సింహాద్రి గారు భూతద్దం పెట్టి చూశారు. "సీలు చెక్కుచెదరలేదండి. మాదే."

"మరి కాలు?"

"కాలు మాది కాదండి. మాది వంకర."

ప్రియంవద గారు వచ్చి, తానే ఆపరేషను చేశానని ఉన్నదున్నట్టు చెప్పారు. వర్మ గారు ఆమెను ఒకే ఒక ప్రశ్న అడిగారు.

"మీరు చేసిన ఆపరేషను కోర్టువారు అనుమతించిన ఆపరేషనేనా?"

"కాదు. అది ఎవరూ చేయలేరు."

"చాలును. కోర్టు వారు అనుమతించినది జరగలేదు. అనుమతించనిది చట్టము దృష్టిలో జరగనే జరగదు. ఆపరేషను జరగనపుడు వంకర కాలు తిన్నగా మారుట అసంభవము. కావున ఇది ఆ కాలు కాదు. ఇది వేరొక కాలు. ఎం.ఓ. ఒకటి మాయమైనది. అసలు లేదు గనుక దావా కొట్టివేయవలెనని ప్రార్థన."

ఆ వాదనలో తప్పెక్కడుందో వెతికి చూసినవాళ్లకి కూడా దొరకలేదు.

ఉమాకాంతం గారు లేచారు. తన కక్షిదారు కాలు ఆమెదేనని ఆయన చెబుతారని పేరంటాలు అనుకుంది. ఆయన అంత చిన్న వాదన చేసే మనిషి కాదు.

"మాయమైన మాట నిజమే!" అన్నారు గుండె మీద చెయ్యి వేసుకుని. "కానీ ఎవరి పూచీలో ఉండగా మాయమైంది? ప్రభుత్వం వారి పూచీలో! ఆ నేరం ఈ అబల మీద రుద్దడం న్యాయమా? ఆ కాలు దొరికేవరకూ దావా సజీవంగా ఉండాలి!"

జడ్జిగారికి ఈ మాట నచ్చింది. ఇందులో ఎవరికీ అన్యాయం లేదు. పోయిన కాలును వెతికి పట్టుకోవలసిందిగా పోలీసులను ఆదేశించి, అది దొరికేవరకూ కేసు వాయిదా వేశారు. పేరంటాలు చీలమండ మీది సీలు విప్పించి, దాన్ని మాత్రం జాగ్రత్తగా సామాన్ల గదిలో జమ చేయించారు. సీలు వాళ్లదే కదా.

ఇప్పుడు హెడ్డు కానిస్టేబులు ధనరాజు అప్పుడప్పుడూ నేలపర్తిపాడు వస్తాడు. మంచాల కింద చూస్తాడు. ధాన్యం గాదెలో చెయ్యి పెట్టి కెలుకుతాడు. కోళ్లగూటి తలుపు తీస్తాడు, కోళ్లు అరుస్తాయి, మూసేస్తాడు. తరవాత అరుగు మీద కూర్చుంటే పేరంటాలు లోపలి నుంచి టీ తెచ్చి ఇస్తుంది. వాకిట్లో ఆడవాళ్లు కర్రలు పట్టుకుని ఆమె కోసం చూస్తూ ఉంటారు.

"ఏవైనా జాడ తెలిసిందాండి, హెడ్డుగోరూ?" అని అడుగుతుంది వీరవేణి, నవ్వు ఆపుకుంటూ.

"గోదారి అవతల కూడా చెప్పి ఉంచామమ్మా. వంకర కాలు కనపడితే కబురు పెట్టమన్నాం."

"దొరికితే ఏం చేస్తారండి?" అంది పేరంటాలు.

"ఉత్తర్వులో రాసే ఉంది కదా. కోర్టులో చూపించి, కేసయ్యాక నీకే అప్పగించేస్తాం. సొంతదారువి నువ్వే కదమ్మా."

పేరంటాలు రెండు చేతులూ జోడించింది. "బాబ్బాబు, ఎతకండి గానీ దొరికించకండి."

ధనరాజు టీ గ్లాసు పక్కన పెట్టి, కాగితం మోకాలి మీద పరిచాడు. తనిఖీలో ఇంట్లో కనపడిన కాళ్ల వివరం రాయాలని పైనుంచి కొత్తగా చెప్పారు.

"సరే గానీ, ఇప్పుడు నీకున్న ఈ కుడికాలు ఎవరిదని రాయమంటావు?"

"నాదేనండి."

"రుజువేవన్నా ఉందా?"

పేరంటాలు కర్రలు అందుకుని వాకిట్లోకి దిగింది. వరస కట్టిన ఆడవాళ్ల మధ్యకి వెళ్లి, కొంగు బిగించి, దరువు అందుకుంది. ఒక్కసారిగా కర్రలన్నీ కలిసి మోగాయి. ఆమె ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. ధనరాజు కలం పట్టుకుని చాలాసేపు చూశాడు. టీ చల్లారిపోయింది.

ఆఖరికి అతను కాగితం మీద, "రుజువు చూపలేదు" అని రాసుకున్నాడు.